రుద్రమదేవి మిరపకాయ తినలేదు! వరంగల్ రైతు ఇంటి వసంతం వెనక 800 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఓరుగల్లు కోటలో రుద్రమదేవి భోజనానికి కూర్చుంది అనుకోండి. ఆమె పప్పులో ఎండుమిర్చి పోపు ఉంటుందా?

ఉండదు. ఆమె జీవితంలో మిరపకాయను చూసే అవకాశమే లేదు. మిరప పుట్టింది అమెరికా ఖండాల్లో. కొలంబస్ అక్కడికి వెళ్లింది 1492లో. వాస్కో డ గామా కాలికట్ చేరింది 1498లో. ఆ తర్వాత 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల్లో మిరప మన దేశానికి వచ్చింది. కాకతీయ రాజ్యం 1323లోనే కూలిపోయింది. అంటే మధ్యలో దాదాపు 170 ఏళ్ల తేడా ఉంది. కాకతీయుల కాలంలో కారం అంటే మిరియాలు, అల్లం, పిప్పళ్లు. మిరప అన్న పేరులోనే మిరియం పోలిక వినిపిస్తుంది కదా, అందుకే.

మరి ఇవాళ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా కళ్లాల నిండా ఎర్రగా పరుచుకుని కనిపించేది ఏంటి? మిరపకాయే. ఎనుమాముల మార్కెట్ వైపు పోతుంటే అర కిలోమీటరు ముందే తుమ్ములు మొదలైతయి. మన వసంతం రంగే ఎరుపు. ఆ ఎరుపు మనది కాదు, సముద్రాలు దాటి వచ్చింది. కానీ దాన్ని పండించే నీళ్ల తెలివి మాత్రం చాలావరకు మనదే, అదీ 800 ఏళ్ల పాతది. ఈ రెండూ ఒక రెండెకరాల రైతు ఇంట్లో ఎట్లా కలిశాయి, ఆ ఇంట్లో వాళ్లకు ఏం మిగిల్చాయి అన్నదే ఇవాళ్టి కథ.

ముందు ఆ ఇంటిని చూద్దాం. నేను అట్లాంటి ఇంట్లోనే పెరిగాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. చెరువు కింద ముప్పావు ఎకరం పొలం, పైన ఎకరంన్నర చెలక. కాముని పున్నమికి ముందు పిల్లలు కోలలు పట్టుకుని జాజిరి ఆడుతుంటారు. మోదుగు పూలు పూస్తాయి, వాటిని ఉడకబెట్టి హోలీ రంగు చేస్తారు. బయటివాళ్లకు వసంతం అంటే ఇదే. ఇంట్లో వాళ్లకు మాత్రం ఏడాదిలో ఒళ్లు విరిగే పని ఉండే రోజులు ఇవి.

తెల్లారి ఐదింటికే అమ్మ, చిన్నమ్మ సద్ది కట్టుకుని మిర్చి ఏరడానికి పోతారు. ఎండ ముదరకముందే సగం పని అయిపోవాలె. నాయన యాసంగి వరికి నీళ్లు పెట్టడానికి పొలం గట్టున ఉంటాడు. తాత కళ్లంలో కూర్చుని కాయలు తిరగేస్తాడు. అవ్వ తాలు కాయలు ఏరి పక్కకు వేస్తుంది. తాలు అంటే రంగుపోయి తెల్లబడ్డ కాయ, దానికి సగం ధర కూడా రాదు. సుమారు నాలుగు కిలోల పండు మిర్చి ఎండితే ఒక కిలో అవుతుంది. మధ్యలో ఒక్క మబ్బు పట్టి చినుకు పడిందంటే ఇల్లంతా పరుగు, టార్పాలిన్ కప్పాలె. సాయంత్రం ఇంటికి వచ్చాక అమ్మ చేతులు మంట. కొబ్బరినూనె రాసుకున్నా, మజ్జిగలో ముంచినా ఆ మంట పోదు. చిన్నపిల్లను ఎత్తుకోవాలన్నా భయమే, పిల్ల కళ్లకు తగులుతదేమో అని.

కూలోళ్లు దొరకకపోతే ఊర్లో ఒక పద్ధతి ఉంది. ఇవాళ మీ చేనుకు మేమొస్తం, రేపు మా చేనుకు మీరు రావాలె. నలుగురు ఆడవాళ్లు కలిసి నాలుగు ఇళ్ల చేన్లు ఏరేస్తారు. ఇందులో డబ్బు లెక్క ఉండదు, మాట లెక్కే.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. మన దగ్గర ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. గోదావరి ఉంది, నిజమే. కానీ అది ఉత్తరం అంచున, కింద పారుతుంది. మన ఊళ్లు ఎత్తు మీద ఉన్నాయి. మరి మార్చిలో వరికి నీళ్లు ఎక్కడివి? సెప్టెంబరులో పడ్డ నీళ్లను ఎవరో ఒకరు ఆరు నెలలు దాచి పెట్టాలె. దాచకపోతే దసరా అయిపోగానే చేను ఖాళీ, చేతులు ఖాళీ. ఆ ఇంటికి వసంతం అంటే మూట కట్టుకుని బతుకుదెరువుకు పోవడమే.

అందుకే నేను ఒక మాట గట్టిగా చెప్తాను. ఈ ప్రాంతంలో చిన్న రైతు ఇంట్లో వసంతం అనేది కాలం తెచ్చింది కాదు, చెరువు తెచ్చింది.

కాకతీయులకు ఇది బాగా తెలుసు. గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా పాలించాడు. నర్సంపేట దగ్గర పాకాల చెరువు ఆయన కాలంలోదే. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో గుడి కట్టించాడు. అదే మన రామప్ప, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మనం గుడి ముందు నిలబడి సెల్ఫీ తీసుకుంటాం. కానీ గుడికి దగ్గర్లోనే రామప్ప చెరువు ఉంది. దాని కింద ఇప్పటికీ వరి పండుతోంది. లక్నవరం కూడా అంతే. ఇవాళ వేలాడే వంతెన కోసం వెళ్తున్నాం గానీ, అది మొదట పొలాల కోసం కట్టిన చెరువు.

చెరువు ఎట్లా పనిచేస్తుందో రెండు నిమిషాల్లో చెప్తా. రెండు గుట్టల మధ్య వాలు చూసి మట్టికట్ట వేస్తారు. కట్ట లోపలి వైపు రాయి పేరుస్తారు, అలలకు మట్టి కోసుకుపోకుండా. కట్ట అడుగున తూము ఉంటుంది, దాని గుండా కావల్సినంత నీళ్లు కాలువలోకి వదులుతారు. నీళ్లు ఎక్కువైతే పోవడానికి ఒక పక్కన మత్తడి. మత్తడి దూకిన నీళ్లు వృథా కావు, వాగులో పడి కింద ఊరి చెరువుకు చేరతాయి. అది నిండితే దాని కింది చెరువుకు. వీటినే గొలుసుకట్టు చెరువులు అంటారు. పై ఊరివాళ్ల మత్తడి కింది ఊరివాళ్ల వసంతం అన్నమాట.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. నీరటికాడు. తూము ఎప్పుడు తీయాలె, ఎవరి మడికి ఎంతసేపు పారాలె అన్నది ఆయన చూసుకునేవాడు. ఎండాకాలం దగ్గరపడి చెరువులో నీళ్లు తగ్గుతుంటే ఆయన మాటకు విలువ పెరిగేది. ఉన్న నీళ్లకు ఎన్ని ఎకరాలు నాటాలో ముందే ఊరు కూర్చుని అనుకునేవాళ్లు. అందరూ నాటితే అందరిదీ ఎండుతుంది. చెరువు కట్టించిన వాళ్లకు, దాన్ని బాగు చేయించే వాళ్లకు దాని కింది భూమిలో గానీ ఆదాయంలో గానీ కొంత వాటా ఇచ్చే పద్ధతి కూడా ఉండేది. శాసనాల్లో దాన్ని దశబంధం అంటారు. అంటే కట్టడం ఒక్కటే కాదు, కట్టిందాన్ని నిలబెట్టడానికి కూడా ఏర్పాటు ఉండేది.

అట్లా అని రాజుల కాలం బంగారం అని నేను చెప్పను. చెరువు నీళ్లు వచ్చాయంటే వెంట పన్ను కూడా వచ్చేది. మేడారం సమ్మక్క సారలమ్మ కథ గుర్తుందా? ఆ కథ ప్రకారం గొడవ మొదలైందే పన్ను దగ్గర. కరువు వచ్చింది, పంటలు లేవు, కప్పం కట్టలేమని కోయ దొర అన్నాడు, కాకతీయ సైన్యం వచ్చింది. ఇది జనం నోట నిలిచిన కథ, శాసనం కాదు. కానీ చెరువులు తవ్వించిన రాజ్యమే పన్ను కోసం ఎట్లా వచ్చిందో జనం మర్చిపోలేదు అన్నది ఆ జాతరకు వచ్చే లక్షల మందిని చూస్తే తెలుస్తుంది.

సరే, ఇప్పుడు ఆనాటి రైతు ఇంటి మార్చి నెలను ఊహించుకోండి. మిర్చి లేదు, మక్కలు లేవు, పల్లీలు లేవు, టమాట లేదు, ఆలుగడ్డ లేదు. ఇవన్నీ అమెరికా నుంచి తర్వాత వచ్చినవే. పెరట్లో జామ చెట్టు, బొప్పాయి కూడా లేవు. వరి, జొన్న, సజ్జ, కొర్ర, కందులు, పెసలు, నువ్వులు, ఆముదం ఉన్నాయి. దేశీ పత్తి ఉంది. మామిడి ఉంది, చింత ఉంది, వేప పూత ఉంది. అంటే ఉగాది పచ్చడికి మామిడి, చింతపండు, వేపపువ్వు అన్నీ చెట్ల నుంచే, అన్నీ సరిగ్గా అప్పుడే వచ్చేవే. ఆలోచించండి, ఉగాది పచ్చడి అనేది ఆ నెల మన ఊర్లో ఏమేం పండాయో చెప్పే లిస్టు.

ఉగాది గురించి ఇంకో సంగతి. మనకు అది పంచాంగం, పచ్చడి, బక్షాలు. కానీ రెండు తరాల కిందటి దాకా తెలంగాణ ఊళ్లలో అది లెక్కల రోజు కూడా. జీతగాడు దొర దగ్గర జీతం కుదిరేది ఉగాదికి, ఏడాది తీరేది మళ్లీ ఉగాదికి. కార్పొరేట్ వాళ్లకు ఏప్రిల్ ఒకటి ఎట్లనో అట్ల. తేడా ఏంటంటే, అప్పు తీరకపోతే జీతగాడికి ఏడాది తీరేది కాదు. తండ్రి తీసుకున్న అప్పుకు కొడుకు జీతం ఉండేవాడు. పదేళ్ల పిలగాడు పశువులు కాయడానికి కుదిరేవాడు. ఆ ఇంట్లో ఉగాది పచ్చడిలో తీపి ఎంత ఉండేదో మీరే చెప్పండి.

దీనికి తోడు నాగు. ఇంట్లో గింజలు అయిపోయిన రోజుల్లో ఒక బస్తా వడ్లు తెచ్చుకుంటే, పంట రాగానే బస్తన్నర కొలవాలె. ఒక బస్తాకు అర బస్తా వడ్డీ, అదీ కొన్ని నెలలకే. కళ్లంలో కుప్ప పోసిన రోజే దొర మనిషి, షావుకారు మనిషి వచ్చి నిలబడేవాళ్లు. కొలిచి పంపించాక మిగిలిందే ఇంటికి. వెట్టి సంగతి సరేసరి. తన చేను కోతకు వచ్చినా ముందు దొర చేను కోసి రావాలె, అదీ కూలి లేకుండా.

ఇక్కడే పాలకుర్తి ఐలమ్మ కథ వస్తుంది. ఇప్పుడు అది జనగామ జిల్లా, మొన్నమొన్నటి దాకా వరంగల్ జిల్లాలో ఉండేది. చాకలి ఐలమ్మ 1895లో పుట్టింది. కులవృత్తి చేసుకుంటూ భూమి కౌలుకు తీసుకుని, భర్తా పిల్లలతో కలిసి నాలుగెకరాలు సాగు చేసింది. ఈ మాట గమనించండి, ఆమె అడిగింది రాజ్యం కాదు. తన ఇంటిల్లిపాదీ కష్టపడి పండించిన గింజలు తన ఇంటికి రావాలె, అంతే. విసునూరు దేశ్‌ముఖ్ ఆ పంట తనదన్నాడు, మనుషుల్ని పంపాడు. సంఘం వాళ్లు ఆమెకు అండగా నిలబడ్డారు. ధాన్యం ఐలమ్మ ఇంటికే చేరింది. అది 1940ల మధ్యకాలం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు చనిపోయాడు, ఆ తర్వాత పోరాటం ఊరూరికీ పాకింది. కానీ ఆ నిప్పుకు ముందే ఒక చిన్న కౌలు రైతు కళ్లం ఉందని మర్చిపోవద్దు.

1948లో హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారు చట్టం వచ్చింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం దేశమంతటికీ 1976లో వచ్చింది. కాగితం మీద రాసినంత తొందరగా ఊర్లో మారలేదు గానీ, మారింది.

భూమి కొంత చేతికి వచ్చింది. మరి నీళ్లు? ఇక్కడ కథ ఇంకో మలుపు తిరుగుతుంది. మోటబావి పోయి కరెంటు మోటారు వచ్చింది. రెండు ఎడ్లు, తోలు బొక్కెన, ఒక మనిషి పొద్దంతా చేసే పని మోటారు గంటలో చేసింది. శ్రీరాంసాగర్‌కు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. దాని నుంచి 284 కిలోమీటర్ల పొడవున వచ్చిన కాలువకు కాకతీయ కాలువ అని పేరు పెట్టారు. తర్వాత బోర్లు వచ్చాయి. ఇవన్నీ మంచివే. కానీ ఎవరి బోరు వాళ్లకు ఉన్నాక చెరువు ఎవరికి కావాలె? నీరటికాడి మాట ఎవరూ వినలేదు. తూములు పాడయ్యాయి, కట్టల మీద తుమ్మలు మొలిచాయి, శిఖం భూములు ఆక్రమణ అయ్యాయి. చెరువులో నీళ్లు నిలవకపోతే కింద బావుల్లో, బోర్లలో ఊట తగ్గుతుందన్న సంగతి అర్థమయ్యేసరికి బోరు రెండు వందల అడుగుల నుంచి నాలుగు వందలకు పోయింది. ఒక బోరు ఫెయిలైతే ఇంకోటి. ప్రతి బోరూ ఒక అప్పు.

ఆ అప్పు మీద పత్తి వచ్చింది. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తిని పురుగు తినేసింది. మందు మీద మందు కొట్టారు, పురుగు చావలేదు. మందుల దుకాణంలో అప్పు మాత్రం పెరిగింది. ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పటి పేపర్ల నిండా మన జిల్లా పేరే. చాలా ఇళ్లలో ఆ ఏడాది ఉగాది జరగలేదు. అప్పు ఇచ్చేది ఇప్పుడు దొర కాదు, నాగు అనే పేరు లేదు. కానీ కళ్లంలో కుప్ప పోయకముందే లెక్క రాసుకుని కూర్చున్న మనిషి మాత్రం ఉన్నాడు.

మిర్చి కూడా అదే జూదం. ఏడాదికి ఒక్కసారి చేతినిండా డబ్బు కనిపించే పంట ఇది. అందుకే పిల్ల పెళ్లి, కొడుకు కాలేజీ ఫీజు, ఇంటి రేకులు అన్నీ మిర్చి మీదే పెట్టుకుంటాం. 2017 ఏప్రిల్‌లో ధర పడిపోయి ఖమ్మం మార్కెట్‌లో రైతుల కోపం కట్టలు తెంచుకుంది. ఆ కేసులో కొందరు రైతులను మే నెలలో బేడీలతో కోర్టుకు తీసుకొచ్చారు, ఆ ఫొటో దేశమంతా చూసింది. 2021-22లో తామర పురుగు కొత్త రకం వచ్చి పూత మొత్తం రాల్చేసింది. చేన్లకు చేన్లే పీకేశారు. అదే 2022లో ఎనుమాములలో దేశీ రకం మిర్చి క్వింటాల్ 50 వేల రూపాయలు దాటింది. వినడానికి బాగుంది. కానీ ధర వచ్చిన ఏడాది అమ్మడానికి కాయలు లేవు, కాయలు ఉన్న ఏడాది ధర లేదు.

మంచి వార్త కూడా ఉంది. వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు వచ్చింది. టమాటలాగా బొద్దుగా ఉంటుంది, కారం తక్కువ, రంగు ఎక్కువ. మన రైతులు ఏటా మంచి కాయ చూసి విత్తనం దాచుకుంటూ కాపాడుకున్న రకం ఇది. సముద్రం దాటి వచ్చిన పంట ఇప్పుడు వరంగల్ పేరుతోనే ప్రపంచానికి తెలుస్తోంది.

చెరువుల సంగతి కూడా కొంత మారింది. 2015లో మిషన్ కాకతీయ మొదలైంది, చెరువుల్లో పూడిక తీశారు. అయితే పూడిక తీయడం కొత్త ఆలోచన కాదు. మా తాతల కాలంలో ఎండలు ముదిరి చెరువు అడుగు కనిపించగానే ఎడ్లబండ్లు దిగేవి. ఇంటిల్లిపాదీ పలుగు, పార, తట్టలు పట్టుకుని పోయి ఒండ్రుమట్టి తెచ్చి చెలకలో పోసుకునేవాళ్లు. చెలకకు బలం, చెరువుకు లోతు. ఒకే పనికి రెండు లాభాలు. ఈ పని ఎండాకాలంలోనే కుదురుతుంది, వాన పడ్డాక చెరువులో దిగలేం. అంటే ఈ వసంతంలో చేసిన పనిని బట్టి వచ్చే వసంతం ఉంటుంది.

చివరిగా ఒక్క విషయం, ఇది మీ వయసు వాళ్ల గురించి. మిర్చి ఏరే రోజులు, పదో తరగతి, ఇంటర్ పరీక్షల రోజులు ఒకటే. మార్చి. కూలి రేటు పెరిగినప్పుడు ఇంట్లో వాళ్లు ముందు చూసేది ఆడపిల్ల వైపు. మా పెద్దమ్మ బిడ్డ చదువులో నాకంటే ముందుండేది. ఏటా మార్చిలో పదిహేను రోజులు చేన్లో ఉండేది. తొమ్మిదో తరగతి తర్వాత ఆ పదిహేను రోజులు ఏడాది మొత్తం అయిపోయాయి. ఎవరూ ఆమెను బడి మానిపించలేదు, ఎవరూ ఆమెను బడికి పొమ్మని కూడా అనలేదు. నేను ఈ ఎపిసోడ్ చేస్తున్నానంటే, నా ఫీజు కట్టిన బస్తాల్లో ఆమె ఏరిన కాయలు కూడా ఉన్నాయి. చరిత్ర పుస్తకంలో చెరువు కట్టించిన రాజు పేరు ఉంటుంది, మట్టి మోసిన వాళ్ల పేరు ఉండదు. మన ఇళ్లలో కూడా అదే జరగనివ్వద్దు.

అందుకే ఈ ఉగాదికి ఒక పని చేయండి. ఊరికి పోయినప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, అవ్వనో తాతనో మూడు ప్రశ్నలు అడగండి. మన చెరువుకు తూము ఎక్కడుంది? నీరటికాడు ఏ ఇంటి మనిషి? చిన్నప్పుడు మార్చిలో నువ్వు ఏం పని చేసేదానివి? మూడో ప్రశ్నకు వచ్చే జవాబు ఏ శాసనంలోనూ దొరకదు. అది రాసి పెట్టకపోతే ఆ మనిషితోనే పోతుంది.

రికార్డ్ చేసింది మాకు కూడా పంపండి, వినాలని ఉంది. వచ్చే ఎపిసోడ్‌లో మోటబావి కథతో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.